చేపతో పెరిగెడు సూక్ష్మజీవులు

గురజాల ప్రాంతమున కాలువ నీటితో నిండెడి ఒక ఊరిచెరువు గట్టుపై, శ్రావణమాసపు వేకువజామున నేను చూచిన దృశ్యమొకటి చెప్పి విషయములోనికి వచ్చెదను. అంతకు మూడు దినముల నుండి ముసురు పట్టియుండెను. ఎండ జాడ లేదు. చెరువును పాటలో దక్కించుకొన్న రైతు మా వ్యవసాయ కార్యక్రమమును ఏండ్ల తరబడి వినుచున్నవాడు. ఆ పరిచయముచేత రాత్రి కబురంపగా వెళ్ళితిని. తెల్లవారు వెలుగులో వందలకొలది చేపలు నీటి పైకి వచ్చి, నోళ్ళు తెరచి గాలిని మ్రింగుచుండెను. అప్పటికే కొన్ని వెల్లకిలబడి గట్టువారకు చేరినవి.

“మొన్న నాలుగు చేపలకి ఎర్ర మచ్చలు కనబడినయ్ అయ్యా. కొట్లో అడిగితే పురుగు పట్టిందన్నారు. ఈ మందు కలుపు, నీళ్ళలో పురుగంతా చస్తది అన్నారు. కలిపా. పురుగు చచ్చిందో లేదో నాకు తెలవదు గానీ, చేప మాత్రం చస్తంది” అని అతడు చెప్పెను.

పురుగు అని అతడన్నది కంటికి కనబడని బాక్టీరియాలను. వాటినన్నింటిని చంపినచో చేప బాగుపడునన్న నమ్మకము అతనికి మాత్రమే గాదు, చదువుకొన్నవారిలో సయితము ఉన్నది. మన ఇండ్లలో సబ్బుల ప్రకటనలు విని విని అట్టి భావము బలపడినది. అందువలన చేపకును ఈ సూక్ష్మజీవులకును గల సంబంధమేమో, అది చేప పుట్టిన నాటి నుండి పట్టుబడి నాటి వరకు ఎట్లు మారుచుండునో కొంత వివరముగా చెప్పదలచితిని.

ముందుగా ఒక లెక్క. స్కాట్లండు దేశమున ఆబర్డీన్ పట్టణములోని టోరీ పరిశోధనాలయమున షూవన్ అను శాస్త్రజ్ఞుడు చేపలపై నుండు బాక్టీరియాలను లెక్కించుటకు జీవితమును ధారపోసెను. 1962లో ఆయన ప్రకటించిన వివరముల ప్రకారము చేప చర్మముపై చదరపు సెంటీమీటరు మేర వంద మొదలు కోటి వరకు బాక్టీరియాలుండును. మొప్పలలోను, ప్రేవులలోను గ్రాము ఒక్కింటికి వేయి మొదలు నూరు కోట్ల వరకు ఉండవచ్చును. నీరు శుభ్రమైనదైనచో లెక్క తగ్గును, మురికిదైనచో పెరుగును. ఇవి రోగపు చేపల లెక్కలు గావు, చక్కగా ఈదులాడుచున్న చేపలవే. అయినను, అట్టి చేప కండలోపల బాక్టీరియా ఉండదు. వెలుపలనంతటను కోట్లకొలది మూగియుండగా లోపలి మాంసము నిర్మలముగా నుండుట ఆలోచింపదగిన విషయము.

ఆ కోటగోడ ఏది? చేపను చేతబట్టినప్పుడు జారిపోవునట్లు చేయు జిగురే. ఆ జిగురును చేప చర్మము ఎడతెగక ఊరించుచుండును. పాత పొర నీటిలో కలిసిపోవుచుండగా క్రొత్త పొర వచ్చుచుండును. దానితోపాటు దానికంటుకొన్న బాక్టీరియాలును కొట్టుకొనిపోవును. అందులో లైసోజైమ్ అను పదార్థమున్నది. అది బాక్టీరియాల పై గోడను కరగించును. పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగు మహాశయుడే అంతకు ముందు, 1922లో, జలుబు చేసిన మనిషి ముక్కు చీమిడిలో దీనిని గుర్తించి ప్రకటించెను. మన కన్నీటిలో నున్నదియు, చేప జిగురులో నున్నదియు ఒకే తెగకు చెందిన ఆయుధములు. జిగురు బాక్టీరియాలను తరుముటయే గాక కొన్నింటికి ఆహారమై ఆశ్రయమిచ్చును. ఆశ్రయము పొందినవి తమ చోటు విడువక క్రొత్తగా వచ్చు వాటిని నిలువనీయవు. వలలో రాపిడి తగిలి పొలుసూడిన చోటనే పుండు పడుట చేపల రైతులందరును ఎరిగినదే. పొలుసు పోవుటకన్న ఆ జిగురు పోవుటయే అసలు నష్టము.

ఇక పుట్టుక నుండి చూతము. పూర్వము చేపపిల్లల కొరకు నదుల వరదలపై ఆధారపడవలసి వచ్చెడిది. వరదలో దొరికిన పిల్లలలో మంచి జాతి, చెడు జాతి కలగాపులగముగా నుండెడివి. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సా రాష్ట్రమున హీరాలాల్ చౌధురి, ఆలికున్హి గారలు చేప మెదడు క్రిందనుండు పీయూష గ్రంథి రసమును సూదిమందుగా నిచ్చి, కట్టుబడి నీటిలో గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. నేటికిని ఏటేట ఆ తేదీని మత్స్య కృషీవలుర దినముగా జరుపుకొనుచున్నాము. మనము బొచ్చె, శీలావతి, మోసు అని పిలుచు మూడు జాతుల పిల్లలును నేడు సంవత్సరము పొడవున చెరువులకు చేరుచున్నవన్నచో ఆనాటి పనియే మూలము. శీలావతి తల్లి కిలో బరువునకు రెండు మూడు లక్షల గ్రుడ్లు పెట్టును.

గ్రుడ్డు లోపల శిశువుకు బాక్టీరియాలతో పనిలేదు. గ్రుడ్డు పెంకుపై మాత్రము నీటిలోనివి వచ్చి అంటుకొనును. 14 మొదలు 18 గంటలలో పిల్ల వెలుపలికి వచ్చును. అప్పటికి దానికి నోరు తెరచికొనలేదు, కడుపున వ్రేలాడు పచ్చసొనయే ఆహారము. ఇంచుమించు మూడు దినములకు సొన తరిగి, నోరు తెరచి, పిల్ల మొదటి గుటక నీరు మ్రింగును. ఆ గుటకతోనే ప్రేవులోనికి మొదటి కాపురస్థులు ప్రవేశించును. తల్లి చేప తన బిడ్డకు పాలియ్యదు, గూడు కట్టదు. గ్రుడ్డు పెంకునంటినవి, తొట్టి నీటిలో తిరుగునవి, తొలిసారి మ్రింగిన జలకీటకములపై నున్నవి, ఇవే దాని పుట్టింటి ఆస్తి. హేచరీ నీటి శుభ్రతకు అంత ప్రాముఖ్యమిచ్చుటకు ఇదియును కారణమే.

ఆ తొలి కాపురస్థులు లేనిచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది మన దేశపు చిన్న చేప యొకటి. 1822లో హామిల్టన్ అను స్కాట్లండు వైద్యుడు గంగానది చేపలను గూర్చి గ్రంథము ప్రకటించెను. బొచ్చె, శీలావతి, మోసు జాతులకు శాస్త్రీయ నామములు అందుండి వచ్చినవే. అదే గ్రంథమున బొటనవ్రేలి పొడవైన లేని, నీలి చారల చిరుచేప యొకటి వర్ణింపబడినది. దానిని నేడు జీబ్రా చేప అందురు. అద్దమువలె పారదర్శకమైన పిల్లలగుటచే ప్రపంచమునందలి ప్రయోగశాలలన్నియు దానిని పెంచుచున్నవి. అమెరికా శాస్త్రజ్ఞులు దాని గ్రుడ్లను శుద్ధిచేసి, బాక్టీరియా అన్నదే లేని నీటిలో పెంచి చూచిరి. 2004లోను, 2006లోను ప్రకటింపబడిన ఫలితములను బట్టి, అట్టి పిల్లల ప్రేవు లోపలి పొర పూర్తిగా పక్వము చెందదు, ఆహారమునందలి మాంసకృత్తులను గ్రహించుటలో లోపముండును. తరువాత బాక్టీరియాలను చేర్చినచో ఆ లోపము చాలవరకు సరియగును. చేప శరీరము తన ప్రేవును తానే కట్టుకొనును గాని, కట్టడము ముగించుటకు ఈ అతిథుల చేతిసాయము కావలసియున్నది.

2016లో అదే జీబ్రా చేపలపై వెలువడిన పరిశోధన మరియొక ముచ్చట తెలిపినది. లేత పిల్లల ప్రేవులో ఏ బాక్టీరియాలు చేరునన్నది చాలవరకు యాదృచ్ఛికము. నీటిలో ఏది ఎక్కువగా నున్నచో లోపలను అదియే ఎక్కువ. వయసు పెరిగిన కొలది ఆ యాదృచ్ఛికత తగ్గును. చేప తన లోపలి పరిస్థితులచేత కొందరిని నిలుపుకొని కొందరిని వెళ్ళగొట్టుచు, నీటి జాబితాకన్న భిన్నమైన జాబితాను తయారుచేసికొనును. చిన్న పిల్లవాడు ఎవరు పిలిచిన వారి యింటికి పోవును, పెద్దవాడైన తరువాత స్నేహితులను ఏరుకొనును గదా.

మన శీలావతి విషయమున ఈ మార్పు మరింత స్పష్టముగా నుండును. పిల్లదశలో అది నీటిలోని సూక్ష్మజంతువులను తినును. అప్పటి ప్రేవు పొట్టిది, ఇంచుమించు తిన్ననిది. పెరిగిన కొలది దాని రుచి శాకాహారము వైపు తిరుగును. నాచు, కుళ్ళిన ఆకులు, రైతు వేయు తవుడు దానికి ఆహారము. దానితోపాటు ప్రేవు చుట్టలు చుట్టలుగా పెరిగి శరీరపు పొడవునకు ఎన్నో రెట్లగును. చిత్రమేమనగా శీలావతికి కడుపు లేదు. అనగా మనకువలె ఆమ్లము ఊరి ఆహారము నానెడి సంచి లేదు. మ్రింగినది నేరుగా ప్రేవులోనికే పోవును. ఆమ్లము లేనందున ఆహారముతో వచ్చిన బాక్టీరియాలు అధికముగా బ్రతికి లోపలికి చేరును. శాంతినికేతనములోని విశ్వభారతి శాస్త్రజ్ఞులు శీలావతి పిల్లల ప్రేవులనుండి బాసిల్లస్ జాతి బాక్టీరియాలను వేరుచేసి, అవి పిండి పదార్థమును, మాంసకృత్తులను, ఆకు నారను విడగొట్టు రసములను తయారుచేయుచున్నట్లు 2002లో తెలిపిరి. ఆకు నారను జీర్ణించుకొను శక్తి చేపకు స్వతహాగా మిక్కిలి తక్కువ.

మరియొక కాపురస్థుని పేరు సీటోబాక్టీరియం. మొదట సముద్రపు క్షీరదములలో కనబడుటచే దానికి తిమింగలమును సూచించు పేరు పెట్టిరి గాని, వెచ్చని మంచినీటి చేపల ప్రేవులలో అది సమృద్ధిగా నివసించును. ప్రాణవాయువు తగులని చోట మాత్రమే బ్రతుకును. బి-12 అను విటమినును తయారుచేయును. గడ్డిచేప, మోసుల కుటుంబమునకు చెందిన కార్పు చేపకు మేతలో బి-12 కలుపకున్నను లోటు రాకపోవుటకు ప్రేవులోని ఇట్టి బాక్టీరియాలే కారణమని తేలినది. మన మందుల దుకాణములో డబ్బిచ్చి కొనెడి వస్తువు ఆ చేపకు ఇంటిలోనే వండబడుచున్నది.

కొల్లేటి పరిసరములలోని రైతులు ఒక పద్ధతి కనిపెట్టిరి. నూనె తీసిన తవుడును సంచులలో నింపి, అడుగున రంధ్రములు చేసి, నీటిలో పాతిన గడలకు కట్టుదురు. చేపలు వచ్చి రంధ్రములనుండి లాగికొని తినును. ఏడాదిపాటు ఇరుకు చెరువులో కుదించి పెంచిన పిల్లలను, ఒక్కొక్కటి నూరు గ్రాములకు పైబడిన తరువాత, పెద్ద చెరువులో విడుచుటయు ఆ ప్రాంతపు అలవాటే. అట్టి పిల్ల అప్పటికే తన ప్రేవులోని సంసారమును స్థిరపరచుకొనియుండును. ఏడాది తిరుగక మునుపే కిలో దాటును. పిల్లలను లారీలో దూరము పంపునప్పుడు ముందుగా వానిని మేత లేకుండ నిలిపియుంచుట చూచియుందురు. అది పిసినారితనము కాదు. ప్రేవు ఖాళీ అయినచో దారిలో నీటిని మలముతోను, బాక్టీరియాలతోను పాడుచేయవు.

ఇంతవరకు ఈ సూక్ష్మజీవుల మంచితనమే చెప్పితిని. ఆ రైతు చూచిన ఎర్ర మచ్చలును అబద్ధము గావు. ఏరోమోనాస్ అను బాక్టీరియా యొకటి మన వెచ్చని నీటిలో ఎక్కడ చూచినను ఉండును. ఆరోగ్యముగల చేప ప్రేవులోను ఉండును. అదే చేపకు నెత్తురు విషమై, పొట్ట ఉబ్బి, రెక్కల మొదళ్ళు ఎర్రబడి చచ్చుటకును అదియే కారకము. ఇంటిలో పుట్టి పెరిగినవాడే ఇంటికి నిప్పుపెట్టుట వంటిది. అట్లు ఎప్పుడు జరుగునన్నదే అసలు ప్రశ్న.

పగటివేళ చెరువులోని పచ్చని నాచు ఎండను గ్రహించి ప్రాణవాయువును విడుచును. రాత్రి నాచు, చేప, అడుగు బురదలోని బాక్టీరియాలు అందరును కలిసి దానిని పీల్చుదురు, ఇచ్చువారు ఎవరును లేరు. అందుచేత తెల్లవారుటకు ముందు నీటిలో ప్రాణవాయువు కడు తక్కువగా నుండును. 30 డిగ్రీల వేడిగల నీరు లీటరునకు ఇంచుమించు 7.5 మిల్లీగ్రాములకు మించి గాలినుండి పట్టియుంచజాలదు. 5 ఉన్నచో చేపకు సుఖము. 3 కన్న తగ్గినచో కష్టము. మూడు దినములు ముసురు పట్టినచో పగటి సంపాదన లేదు, రాత్రి ఖర్చు మానదు. ఆ దినములలోను అలవాటుకొద్ది తవుడు వేసినచో తినక మిగిలినది కుళ్ళి, ఆ కుళ్ళుడు మరికొంత ప్రాణవాయువును హరించును, అమోనియా పెరుగును. మామూలుగా ఆ అమోనియాను నీటిలోని మరి రెండు తెగల బాక్టీరియాలు ఒకటి తరువాత ఒకటి మార్చి, విషము లేని నైట్రేటుగా చేయును. వాటికిని ప్రాణవాయువు కావలెను. అది లేనిచో ఆ పాకీపనివారును పని మానుదురు.

ఊపిరాడని చేపకు భయమున శరీరములో ఒక విధమైన రసము ఊరి, రోగనిరోధక శక్తిని క్రుంగదీయును. జిగురు ఊరుట తగ్గును. ప్రేవు గోడ పలుచబడును. ఏరోమోనాస్ నెత్తురులోనికి దారి చూచుకొనునది అప్పుడే. అరగంటకొకసారి రెట్టింపగు బాక్టీరియా ఒకటి పది గంటలలో పది లక్షలు దాటును. అందుచేత మచ్చలు కనబడిన దినము రోగము మొదలైన దినము కాదు. దాని మూలము అంతకు వారము క్రిందటి తెల్లవారుజాములలో వెదకవలెను.

ఇచట పాత కథ యొకటి చెప్పక తీరదు. 1988లో ఈశాన్య భారతమున ప్రవేశించిన పుండ్ల వ్యాధి తరువాతి యేండ్లలో ఆంధ్ర దేశపు జలాశయములకును ప్రాకినది. కొరమేను వంటి గట్టి చేపలు సయితము ఒడలెల్ల పుండ్లతో తేలినవి. జనము భయపడి చేప తినుట మానిరి. ఏ పుండును పరీక్షించినను ఏరోమోనాస్ కనబడెడిది కావున దోషము దానిదే ననుకొన్నవారు చాలమంది. తరువాత తేలినదేమనగా, చర్మమును తొలుచుకొని కండలోనికి దిగునది ఆఫనోమైసిస్ అను నీటి బూజు తెగది. అది చేసిన గాయములో బాక్టీరియాలు తరువాత చేరుచున్నవి. దొంగతనము జరిగిన యింటి ముందు నిలిచి చూచువారందరును దొంగలు గారు. బాక్టీరియాను చంపు మందులు నాడు పనిచేయక పోవుటకు ఇదియే కారణము, అప్పటికి ఖర్చు మాత్రము రైతు నెత్తిన పడినది.

మన రైతు కలిపిన మందును సీసాపై చూచితిని. మనుష్యులకు, పశువులకు వాడెడి యాంటిబయాటిక్కే అది. లెక్కవేసి చూడుడు. ఎకరము మేర, ఐదడుగుల లోతు నీరు 60 లక్షల లీటర్లకు పైబడియుండును. అందు కిలో మందు కలిపినను లీటరునకు మిల్లీగ్రాములో ఆరవ వంతు మాత్రమే యగును. ఆ పాటి మందు బాక్టీరియాలను చంపజాలదు. మందునకు అలవాటు చేయుటకు మాత్రము సరిపోవును. బలహీనమైనవి చచ్చి, తట్టుకొన్నవి మిగిలి పెరుగును. అంతటితో ఆగదు. బాక్టీరియాలు తమ నేర్పును ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనగలవు. చెరువులోని నిరపాయమైన బాక్టీరియా నేర్చిన విద్య ఒకనాడు మనిషికి రోగము తెచ్చు దానికి చేరవచ్చును. చాలని మోతాదు వలన ఇట్టి ప్రమాదము కలుగునని 1945లో నోబెల్ బహుమానము స్వీకరించిన సందర్భమున ఫ్లెమింగు హెచ్చరించియే యున్నాడు. ఈ శతాబ్ది తొలి యేండ్లలో ఆసియా దేశముల రొయ్యలలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషములు కనబడి యూరపు దేశములు సరకును తిప్పిపంపినవి, మన సరకును అందు కలదు. మనుష్యులకు కడపటి మందుగా దాచుకొన్న కొలిస్టిన్‌ను ఆహారపు జంతువుల పెంపకములో వాడరాదని 2019లో భారత ప్రభుత్వము నిషేధించినది.

మందులు ఎన్నడును వాడరాదని నా అభిప్రాయము కాదు. జబ్బుపడిన చేపను పరీక్ష చేయించి, ఏ బాక్టీరియాయో, ఏ మందునకు లొంగునో తెలిసికొని, మేతలో కలిపి, చెప్పినన్ని దినములు వాడి, పిమ్మట తగిన గడువు విడిచి పట్టుబడి చేయుట వేరు. కొట్టువాని మాటపై చెరువులో గ్రుమ్మరించుట వేరు. ఉండిలోని మత్స్య పరిశోధన కేంద్రము, కాకినాడలోని మత్స్య సాంకేతిక సంస్థ, ముత్తుకూరు మత్స్య కళాశాల మన రాష్ట్రమున నున్నవే. పల్నాటివారికి అవి దూరమన్నది నిజము, ఆ దూరమునే కొట్టువాడు తన లాభమునకు వాడుకొనుచున్నాడు.

మంచి బాక్టీరియాల పొట్లములని అమ్మునవియు నేడు చాల వచ్చినవి. ప్రొబయాటిక్కులందురు. వాని సూత్రము మన వంటింటి తోడుపెట్టుట వంటిదే. కాచిన పాలలో చెంచాడు పెరుగు వేసినచో ముందుగా చోటు పట్టుకొన్న బాక్టీరియా చెడ్డవానిని రానీయదు. మేతలో కలిపి యిచ్చిన బాసిల్లస్ జాతులు చేప ఎదుగుదలకు తోడ్పడినట్లు పరిశోధనలు చాల ఉన్నవి. కాని పాలు గిన్నెడు, చెరువు గిన్నె గాదు. 60 లక్షల లీటర్లలో అప్పటికే కోటానుకోట్లు స్థిరపడియుండగా పొట్లమెడు క్రొత్తవారు నిలుతురా యన్నది ఆ నీటిని బట్టి యుండును. బెల్లము, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి చల్లు రైతులున్నారు, దానికి ఖర్చు తక్కువ. పొట్లముపై ఏ జాతి, ఎంత సంఖ్య యని వ్రాయని సరకునకు వేలు పోయుట మాత్రము నాకు రుచింపదు.

ఆ వేకువన మేము చేసినది సామాన్యమైన పని. కాలువ గట్టున నున్న మోటారును తెచ్చి, చెరువు నీటినే తోడి, పైనుండి వాననీరువలె పడునట్లు ఎగజిమ్మించితిమి. మేత నిలిపితిమి. చచ్చినవానిని తీసి దూరముగా గోతిలో సున్నము చల్లి పూడ్పించితిమి. ఎండపొడ వచ్చిన రెండు గంటలకు నోళ్ళు నీటిలోనికి దిగినవి. నష్టము లేదనను, ఆ ఉదయము తేలినవి ఒక బండెడు. తరువాత మచ్చలతో మరికొన్ని పోయినవి. మిగిలినవి సంక్రాంతి నాటికి పట్టుబడికి వచ్చి నరసరావుపేట అంగడికి చేరినవి.

పల్నాటికి ఈ చేపల సంగతి క్రొత్తదే. శ్రీనాథుని చాటువులుగా ప్రసిద్ధమైనవానిలో ఈ సీమలో వరియన్నము దొరకని బాధ మనము విన్నదే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచిన పిమ్మట జొన్న చేలలో వరి వచ్చినది, ఊరిచెరువులలో బొచ్చె, శీలావతి వచ్చినవి. అయినను మాచర్ల వైపు పెద్దలు కొందరు నేటికిని కృష్ణలో పట్టిన చేపకే మ్రొగ్గుదురు, చెరువు చేప మట్టివాసన వేయునందురు. వారి నాలుక అబద్ధమాడుట లేదు. చెరువు బురదలోను, నీలిపచ్చని నాచులోను నుండు కొన్ని బాక్టీరియాలు జియోస్మిన్ అను పదార్థమును విడుచును. తొలకరి చినుకు పడినప్పుడు నేలనుండి వచ్చు కమ్మని వాసన దీనిదే. 1965లో దీనికి ఆ పేరు పెట్టిరి. నేలపై నున్నప్పుడు కవులు మెచ్చిన వాసన చేప క్రొవ్వులో చేరినప్పుడు ఇల్లాలు మెచ్చదు. పట్టిన చేపను కొన్నాళ్ళు శుభ్రమైన పారునీటిలో నుంచినచో అది తగ్గును. పులుపు తగిలినచో ఆ పదార్థము విరిగిపోవును. చెరువు చేపను చింతపండు రసములో ఉడికించి పులుసు పెట్టిన మన అమ్మమ్మలు రసాయనశాస్త్రము చదువలేదు గాని, చేసిన పనిలో శాస్త్రమున్నది.

చేప చచ్చిన తరువాత ఈ బాక్టీరియాల కథ మరియొక మలుపు తిరుగును. జిగురు ఊరుట ఆగును, గోడ కాపలా లేచిపోవును, ప్రేవులోనివి, మొప్పలలోనివి కండ వైపు బయలుదేరును. మంచు వేసినచో వాని వేగము తగ్గును. మన వెచ్చని చెరువుల చేపపై నుండు బాక్టీరియాలు వేడికి అలవాటు పడినవగుటచే మంచులో ఇంచుమించు స్తంభించిపోవును. చల్లని సముద్రముల చేపపై నున్నవి మంచులోను పనిచేయుచునే యుండును. అందుచేత మంచులో చక్కగా పేర్చిన శీలావతి రెండు వారములకు దగ్గరగా తినదగి యుండగా, చలి దేశపు చేపలు పెక్కు అంతకు ముందే చెడును. మంచులో సయితము చేపను కుళ్ళించు బాక్టీరియాలలో ముఖ్యమైనదానికి షివనెల్లా అని పేరు. లెక్కలు కట్టిన ఆ షూవన్ గారి పేరే దానికి పెట్టిరి. అట్టి గౌరవము నేను కోరను గాని, శాస్త్రజ్ఞులు సంతోషింతురు కాబోలు.

మంచునకు బదులు ఫార్మలిన్ వాడిరన్న ఆరోపణపై 2018 జూలైలో అస్సాం ప్రభుత్వము ఆంధ్ర చేపల రాకను పది దినములు నిలిపివేసినది. శవములు చెడకుండ నుంచు ద్రవమది, తినెడి వస్తువులో దానికి చోటు లేదు. తగినంత మంచు, లారీలో తెరపి లేని మూత, తెల్లవారక ముందే పట్టుబడి ఉన్నచో దాని అవసరమును రాదు.

ఇంటికి తెచ్చినప్పుడు మొప్ప ఎత్తి చూడుడు. ఎర్రగా, తడిగా నున్నచో మంచిది. గోధుమరంగు తిరిగి జిగురు తీగలు సాగుచున్నచో విడువుడు. శుభ్రము చేయునప్పుడు ప్రేవు తెగకుండ ఒక్క ముక్కగా లాగివేసి, కత్తిపీటను, చేతులను కడిగికొన్న పిమ్మటనే ముక్కలు కోయవలెను. ప్రేవులో కోట్లు ఉండగా కండలో ఒక్కటియు లేదని పైన చెప్పియుంటిని. కోసెడివారి చేయి ఆ రెంటిని కలుపకున్నచో చాలును. చేతికి గాయమున్నవారు ఆ పనిని ఇంటిలో మరియొకరికి అప్పగించుట మంచిది. చెరువులో చేపకు పుండు పుట్టించిన ఏరోమోనాస్ మనిషి గాయములోను చేరగలదు. పులుసు బాగుగా తెర్లినచో వాటిలో ఏదియు మిగులదు.